చేనేత సదస్సుకు దంపతులుగా ప్రయాణం: ఆహ్వానం అందిన రోజు నుంచి మగ్గం మళ్లీ కదిలే దాకా

చేనేత సదస్సుకు రమ్మని ఢిల్లీ నుంచి ఉత్తరం వస్తే, దాని మీద సాధారణంగా ఒక్క పేరే ఉంటుంది. మగ్గం ఎవరి పేరున నమోదై ఉందో, సొసైటీలో సభ్యత్వం ఎవరిదో, ఆ పేరే అక్కడ కనిపిస్తుంది. మా యాదాద్రి భువనగిరి జిల్లాలో, పోగులకే ముందుగా కట్లు కట్టి రంగువేసి నేసే ఇక్కత్ బట్టను నేసే ఏ ఇంటికి వెళ్లి చూసినా ఒక చీర వెనుక కనీసం రెండు జతల చేతులు ఉంటాయి. పోగులను మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసేది ఒకరు, రంగు అంటకూడని చోట పోగులకు కట్లు వేసే చిటికి పనిలో ఇద్దరూ, దారాన్ని కండెలకు చుట్టేది ఒకరు, మగ్గంలో కూర్చునేది మరొకరు. అందువల్ల భార్యాభర్తలు కలిసి సదస్సుకు వెళ్లడమంటే ఒకరు ప్రతినిధిగా, మరొకరు తోడుగా వెళ్లడం కాదని, ఇద్దరూ పనివాళ్లుగా వెళ్లడమని నేను నమ్ముతాను. ఈ మార్గదర్శిని ఆ నమ్మకంతోనే రాస్తున్నాను.

ఇక్కడ నేను తీసుకున్న ఉదాహరణ ఢిల్లీ ప్రయాణం. ఆగస్టు 7న జరిగే జాతీయ చేనేత దినోత్సవం చుట్టూ సదస్సులు, ప్రదర్శనలు ఎక్కువగా జరుగుతాయి. 1905లో అదే రోజున కలకత్తా టౌన్ హాలులో స్వదేశీ ఉద్యమాన్ని ప్రకటించినందుకు గుర్తుగా ఆ తేదీని ఎంచుకున్నారు. మొదటి దినోత్సవం 2015లో చెన్నైలో జరిగింది, 2023లో ఢిల్లీలోని భారత్ మండపంలో జరిగింది. మంగళగిరి నుంచైనా, ధర్మవరం నుంచైనా, గద్వాల నుంచైనా బయలుదేరే దంపతులకు రైలు పేరు మారుతుంది కానీ మిగిలిన పద్ధతి దాదాపు ఇదే.

కొన్నేళ్ల కిందట మేము మొదటిసారి అలాంటి ఒక సదస్సుకు వెళ్లినప్పుడు ఆహ్వానంలో నా పేరు మాత్రమే ఉంది. నా భార్యకు బ్యాడ్జీ లేదని ద్వారం దగ్గర ఆపారు. నేను లోపలికి వెళ్లాను, ఆమె ఆ పూటంతా వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. లోపల అస్సాం నుంచి వచ్చిన ఒక నేతగత్తె మా రుమాలును చేతిలోకి తీసుకుని, వెలుతురుకు ఎత్తి చూసి, ఈ చిన్న చుక్క దగ్గర ఎన్ని పోగులను కలిపి కట్టారు, ముడిని ఏ వైపు నుంచి విప్పారు అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. ఆ చుక్కను కట్టిన మనిషి ఇరవై అడుగుల దూరంలో, గోడకు అవతల ఉంది. ఈ మార్గదర్శిలో నేను చెప్పే మొదటి పని ఆ రోజు నేర్చుకున్నదే.

మొదటి దశ: ఆహ్వానంలో రెండు పేర్లు ఉండేలా చూసుకోవడం

ఉత్తరం అందిన వారం లోపే నిర్వాహకులకు తిరిగి రాయండి. ఫోనులో చెప్పి ఊరుకోవద్దు, ఈమెయిలులోనో ఉత్తరంలోనో రాతపూర్వకంగా అడగండి. మీ జీవిత భాగస్వామి చేసే పనిని పేరుతో సహా చెప్పండి: ఆసు, చిటికి, అద్దకం, కండెలు, అచ్చులో పోగులు ఎక్కించడం, లెక్కలు, ఆర్డర్ల వ్యవహారం. "నా భార్య కూడా వస్తుంది" అని రాస్తే అతిథిగా చూస్తారు. "ఈ బట్టకు చిటికి పని చేసిన కళాకారిణి నా భార్య, ఆమెను కూడా ప్రతినిధిగా నమోదు చేయగలరు" అని రాస్తే ప్రతినిధిగా చూస్తారు. ఈ రెండు వాక్యాల మధ్య తేడా బ్యాడ్జీలో, భోజనం కూపనులో, కూర్చునే వరుసలో, చివరకు ప్రయాణ ఖర్చులో కూడా కనిపిస్తుంది.

ఆ ఉత్తరంలోనే మరికొన్ని విషయాలు స్పష్టంగా అడిగి తెలుసుకోవాలి. ప్రయాణ ఖర్చు ఒకరికి ఇస్తారా, ఇద్దరికీ ఇస్తారా, ఏ తరగతి టికెట్ దాకా ఇస్తారు, టికెట్లను వాళ్లు కొంటారా లేక మనం కొని తరువాత బిల్లు పెట్టాలా, బస ఎక్కడ అన్నవి ముఖ్యం. కొన్నిచోట్ల పురుషులకు ఒక హాలు, మహిళలకు ఒక హాలు కేటాయిస్తారు. దంపతులకు గది కావాలంటే ముందే చెప్పాలి, ఆఖరి రోజున అడిగితే దొరకడం కష్టం. బిల్లు పెట్టే పద్ధతి అయితే డబ్బు బ్యాంకు ఖాతాలోకి ఆలస్యంగా వస్తుంది కాబట్టి, ఆ లోపు ఖర్చుకు సరిపడా సొంత డబ్బు సిద్ధంగా ఉండాలి.

గుర్తింపు పత్రాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. నేత కార్మికుల గణన తరువాత ఇచ్చిన గుర్తింపు కార్డు మీ ఇద్దరికీ వేరువేరుగా ఉందో లేదో చూడండి. 2019–20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణనలో దేశంలో 35 లక్షల మందికి పైగా నేతన్నలు, అనుబంధ పనివారు నమోదయ్యారు. వారిలో 70 శాతానికి మించి మహిళలే. అంత సంఖ్యలో లెక్కకు వచ్చినా, చాలా ఇళ్లలో కార్డు మగవాడి జేబులోనే ఉంటుంది. మీ ఇంట్లో ఆమె పేరున కార్డు లేకపోతే జిల్లా చేనేత, జౌళి శాఖ కార్యాలయంలోనో, హైదరాబాదు లేదా విజయవాడలోని కేంద్ర ప్రభుత్వ చేనేత సేవా కేంద్రమైన వీవర్స్ సర్వీస్ సెంటర్‌లోనో అడిగి, ఈ ప్రయాణం సందర్భంగానైనా ఆ పని మొదలుపెట్టండి. పత్రాలన్నింటిలో ఇంటిపేరు, పేరు ఒకే వరుసలో ఉండాలి. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆహ్వానంలో అత్తింటి ఇంటిపేరు ఉంటే ద్వారం దగ్గర చిక్కు వస్తుంది. ఆధార్‌లో ఉన్న పేరునే నిర్వాహకులకు పంపండి.

రెండో దశ: మగ్గాన్ని ఎక్కడ ఆపాలో నిర్ణయించుకోవడం

ఉద్యోగస్తులు సెలవు చీటీ ఇచ్చి బయలుదేరగలరు. మనకు మగ్గం మీద పడుగు, అంటే నిలువుగా సాగదీసిన పోగులు ఉంటాయి. బిగించి వదిలిన పడుగు వారం రోజులు అలాగే ఉంటే, తిరిగి వచ్చి నేసినప్పుడు ఆగిన చోట బట్టకు అడ్డంగా ఒక గీత తేలుతుంది. సాదా చీరలో అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందువల్ల ప్రయాణం తేదీ తెలిసిన వెంటనే వెనక్కి లెక్క వేసుకుని, ఒక చీర పూర్తయ్యి రెండోది మొదలయ్యే మధ్య ఖాళీలో మగ్గం ఆగేలా పని నడపాలి. అలా కుదరకపోతే కనీసం పైట పూర్తయ్యే చోటనో, డిజైనులో గీత వచ్చే చోటనో ఆపండి. చీర మధ్యలో, ఒకే రంగు ఉన్న భాగంలో మాత్రం ఎప్పుడూ ఆపవద్దు.

ఆగస్టు వానాకాలం. గుంట మగ్గం ఉన్న ఇంట్లో గుంతలోకి చెమ్మ ఊరుతుంది, పోగులు దూరే ఇనుప పన్నె పళ్లకు తుప్పు పడుతుంది, ఆ తుప్పు పడుగు మీద సన్నని గోధుమ రంగు గీతగా అంటుకుంటుంది. బయలుదేరే ముందు రోజు సాయంత్రం పడుగు బిగువును సడలించి, పన్నెను పొడి గుడ్డతో తుడిచి, దాన్ని ఇంకా నేయని పోగుల మీద కాకుండా నేసిన బట్ట చివర నిలిచేలా ముందుకు లాగి ఉంచండి. అప్పుడు ఒకవేళ మరక పడినా రెండు చీరల మధ్య ఖాళీలోనే పడుతుంది. మగ్గాన్ని పాత నూలు దుప్పటితో కప్పండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే దుమ్ము ఆగుతుంది కానీ చెమ్మ లోపలే ఉండిపోతుంది. గంజి పెట్టిన నూలు పడుగైతే ఎలుకలు, బొద్దింకలు దాని వాసనకు వస్తాయి, కాబట్టి ఇంట్లో ఉండేవాళ్లను రోజూ ఒకసారి దుప్పటి ఎత్తి చూడమని చెప్పాలి.

చిటికి పని విషయంలో ఇంకొంచెం ముందుచూపు కావాలి. కట్టడం పూర్తయి రంగు వేయని పోగులను ఆరిన చోట ఉంచితే ఆగగలవు. రంగు వేసి, సగం ఆరి, ఇంకా కట్లు విప్పని పోగులు మాత్రం ఆగవు, కట్టు అంచుల కింద రంగు మెల్లగా పాకుతుంది. బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు నుంచి కొత్తగా అద్దకం పెట్టుకోకపోవడమే మంచిది. కూలికి కండెలు చుట్టేవారో, మీ దగ్గర పని చేసేవారో ఉంటే ఆ వారం కూలి ముందే ఇచ్చి, చేయగల పని చేతికి అప్పగించి వెళ్లండి. సదస్సుకు మనం వెళ్లడం వల్ల వాళ్ల పొయ్యి ఆరకూడదు.

మూడో దశ: ఇద్దరి పనీ లెక్క రాసుకోవడం

ఈ దశను చాలామంది దాటవేస్తారు. మొత్తం ప్రయాణంలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదేనని నా అనుభవం, అందుకే దీన్ని కొంత వివరంగా చెబుతాను.

సదస్సుకు కనీసం నెల ముందు ఒక వంద పేజీల నోటుపుస్తకం కొనండి. మగ్గం మీదికి రాబోయే ఒక చీరను తీసుకుని, పట్టు దారం ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి చీర మడత పెట్టే దాకా ఏ పని ఎవరు ఎన్ని గంటలు చేశారో ప్రతి రాత్రి రాయండి. ఉడకబెట్టడం, కండెలు చుట్టడం, ఆసు పోయడం, డిజైను గీతలు పెట్టడం, రబ్బరు పట్టీలతో కట్టడం, మొదటి రంగు, విప్పడం, మళ్లీ కట్టడం, రెండో రంగు, ఆరబెట్టడం, పడుగు సాగదీయడం, పోగులు అతకడం, నేయడం. పిల్లలకు అన్నం పెట్టడానికి మధ్యలో లేచిన సమయాన్ని తీసివేయాలి, కానీ మధ్యాహ్నం అరగంట చుట్టిన కండెలను మరచిపోకూడదు. మా ఇంట్లో ఒక డబుల్ ఇక్కత్ చీరకు (నిలువు, అడ్డం పోగులు రెండింటికీ కట్టి రంగువేసేది) ఇలా రాసి చూసినప్పుడు మగ్గంలో కూర్చున్న గంటల కంటే మగ్గానికి రాకముందు గడిచిన గంటలే ఎక్కువ తేలాయి. ఆ ముందు గంటల్లో అధిక భాగం నా భార్యవి. ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ సంగతి నాకు అంకెల్లో తెలియదు.

ఆసు సంగతే చూడండి. అర్ధవృత్తంగా నిలబెట్టిన మేకుల చుట్టూ, మధ్యనున్న మేకు నుంచి ఒక్కో పోగును తిప్పుతూ చేయి ముందుకూ వెనక్కూ పోతుంటుంది. ఒక చీరకు ఆ కదలిక సుమారు 9,000 సార్లు జరగాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు. తల్లి లక్ష్మమ్మ భుజాల నొప్పి చూసి తట్టుకోలేక ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారు చేశారు. అంతకు ముందు నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకు తగ్గింది. ఆయనకు 2017లో పద్మశ్రీ లభించింది. సదస్సులో నిలబడి ఈ ఒక్క ఉదాహరణ చెప్పినా ఇక్కత్ అంటే కేవలం మగ్గం పని కాదని విన్నవారికి అర్థమవుతుంది. మీ నోటుపుస్తకంలోని అంకెలు దాని పక్కన నిలబడితే, కూలి ధరల చర్చలో ఒకే మనిషి రోజులను లెక్కించి చీరకు ధర కట్టడం ఎంత తప్పో మీరు వేరుగా వాదించనక్కరలేదు.

నాలుగో దశ: టికెట్లు

రైలు టికెట్ల ముందస్తు బుకింగు ఇప్పుడు ప్రయాణ తేదీకి 60 రోజుల ముందు మొదలవుతుంది. 2024 నవంబరుకు ముందు అది 120 రోజులు. పాత అలవాటుతో నాలుగు నెలల ముందు చూసి, దొరకలేదని వదిలేయకండి. హైదరాబాదు నుంచి ఉదయం బయలుదేరే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ సుమారు 26 గంటల్లో, అంటే మరునాడు ఉదయం న్యూఢిల్లీ చేరుస్తుంది. విశాఖపట్నం వైపు వారికి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఉంది. సదస్సు మొదలయ్యే రోజు ఉదయమే దిగేలా టికెట్ తీసుకోవద్దు, రైలు నాలుగు గంటలు ఆలస్యమైతే నమోదు సమయం దాటిపోతుంది. ఒక రోజు ముందే చేరితే నడుము వాల్చడానికీ, చీరల మడతలు సరిచేసుకోవడానికీ వీలుంటుంది.

వృద్ధులకు ఇచ్చే ఛార్జీ రాయితీ 2020 మార్చి నుంచి లేదు. అయితే 60 ఏళ్లు దాటిన పురుషులకు, 45 ఏళ్లు దాటిన మహిళలకు కింది బెర్తు కేటాయించే ఏర్పాటు కొనసాగుతోంది. గుంట మగ్గంలో కాళ్లాడించి మోకాళ్లు అరిగినవారికి, భుజాలు పట్టేసినవారికి అది చిన్న విషయం కాదు కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడు వయసు సరిగ్గా నమోదు చేసి ఆ కోటా ఎంచుకోండి. ఇద్దరి పేర్లూ ఒకే టికెట్ మీద ఉండాలి. స్లీపరులోనూ, థర్డ్ ఏసీలోనూ ఒక్కొక్కరికి 40 కిలోల దాకా సామాను ఉచితం, కాబట్టి ఇద్దరికీ కలిపి ప్రదర్శన సామానుకు చోటు సరిపోతుంది. విమానంలో వెళ్తే దేశీయ ప్రయాణంలో సాధారణంగా ఒక్కొక్కరికి 15 కిలోల చెక్-ఇన్ సామాను, 7 కిలోల చేతిసంచి మాత్రమే అనుమతిస్తారు. కత్తెర, బ్లేడు, సూదులు చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి.

ఐదో దశ: బట్టలు, పనిముట్లు సర్దుకోవడం

అమ్మకానికి తీసుకెళ్లే చీరలను, చూపడానికి తీసుకెళ్లే చీరలను వేరువేరు సంచుల్లో పెట్టండి. జరీ ఉన్న పట్టుచీరను ఉతికిన తెల్లని నూలు గుడ్డలో చుట్టాలి. కలరా ఉండలను జరీకి తగలనివ్వవద్దు. మడత మీద మడత వచ్చిన చోట పట్టు పోగు విరుగుతుంది కనుక, చేరిన రోజు సాయంత్రమే ఒకసారి విప్పి మడత మార్చాలి. అమ్మకపు సరుకు ఎక్కువగా ఉంటే సొసైటీ నుంచి లెటరు, సరుకు జాబితా, డెలివరీ చలానా వెంట ఉంచుకోండి. ఆగస్టు రెండో వారంలో స్వాతంత్ర్య దినోత్సవం దృష్ట్యా ఢిల్లీ స్టేషన్లలో తనిఖీలు గట్టిగా ఉంటాయి, కాగితం చేతిలో ఉంటే సంచి విప్పి చూపించి ముందుకు సాగిపోవచ్చు.

చూపడానికి పూర్తి చీరల కంటే దశలవారీ నమూనాలు ఎక్కువ ఉపయోగపడతాయి. మేము జానెడు పొడవున్న పట్టు పోగుల చిన్న కట్టలు నాలుగు తీసుకెళ్తాము. మొదటిది తెల్లది, దాని మీద బొగ్గుతో గీతలు మాత్రమే ఉంటాయి. రెండోదానికి సైకిలు ట్యూబు నుంచి కోసిన నల్లటి రబ్బరు పట్టీలు గట్టిగా చుట్టి ఉంటాయి. మూడోది ఎర్రరంగులో ముంచినది, దానికి సగం కట్లు విప్పి సగం అలాగే ఉంచుతాము. నాలుగోదానిలో తెలుపు, ఎరుపు, నలుపు మూడూ తేలి ఉంటాయి. మూడో కట్టను ఎదుటి మనిషి చేతికి ఇచ్చి, మిగిలిన కట్టు వాళ్లచేతనే విప్పించాలి. రబ్బరు ఊడి కింద తెల్లటి పట్టు బయటపడిన క్షణంలో వాళ్ల ముఖం మారుతుంది, భాష తెలియకపోయినా అక్కడ నుంచి మాట దానంతటదే సాగుతుంది. విప్పించే ఈ పనిని కట్టిన మనిషే చేయించాలి. మా ఇంటి నుంచి ఆ కుర్చీలో కూర్చునేది నా భార్య.

ప్రతి నమూనాకూ ఒక చీటీ కట్టండి. అందులో పోగు రకం, నంబరు, రంగు, పట్టిన రోజులు, ఎవరెవరు చేశారో తెలుగులోనూ, హిందీ లేదా ఇంగ్లీషులోనూ ఉండాలి. "నేసినవారు" అన్న ఒక్క పేరు చాలదు, "ఆసు, చిటికి" అని రెండో పేరు కూడా రాయించండి. పుట్టపాక తేలియా రుమాలు వంటి భౌగోళిక గుర్తింపు ఉన్న బట్ట అయితే ఆ విషయం కూడా చీటీ మీద ఉండాలి. పుట్టపాక తేలియాకు ఆ గుర్తింపు 2020లో వచ్చింది. అచ్చువేసిన నకలు ఇక్కత్‌కూ మన బట్టకూ తేడా చూపడానికి బట్టను తిప్పి వెనుక వైపు చూపండి. పోగులోనే రంగు ఉంటుంది కనుక మన బట్ట రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, అచ్చు బట్ట వెనుక వెలవెలబోతుంది.

సదస్సులో కట్టుకోవడానికి మీరు నేసినదే తీసుకెళ్లండి, ఆమెకు చీర, మీకు చొక్కా గుడ్డ. ఢిల్లీ ఆగస్టు ఉక్క దృష్ట్యా పట్టు ఒక పూటకు చాలు, మిగిలిన రోజులకు నూలు బట్టలే హాయి.

ఆరో దశ: ఇల్లు అప్పగించి బయలుదేరడం

పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఇద్దరూ ఒకేసారి ఐదారు రోజులు కదలడం సులభం కాదు. "ఆమె ఇంట్లో ఉంటేనే ఇల్లు నడుస్తుంది" అనే మాట ఈ దశలోనే వినిపిస్తుంది, చాలా ప్రయాణాలు ఇక్కడే ఒకరి ప్రయాణాలుగా మారిపోతాయి. కాబట్టి ఆహ్వానం వచ్చిన మొదటి వారంలోనే అత్తగారితోనో, ఆడపడుచుతోనో, వదినతోనో మాట్లాడి తేదీలు ఖాయం చేసుకోవాలి. ఆ మాట మగవాడే మాట్లాడాలని నా అభిప్రాయం. ఆమె అడిగితే విహారానికి అనుమతి అడిగినట్టు వినపడుతుంది, ఆయన అడిగితే పని మీద వెళ్తున్నట్టు తెలుస్తుంది. ఇది న్యాయం కాదు, కానీ మన ఇళ్లలో ఇంకా ఇలాగే ఉంది.

ఏడో దశ: ఢిల్లీలో దిగిన తరువాత

న్యూఢిల్లీ స్టేషను నుంచి మెట్రో పసుపు మార్గంలో ఒక్క స్టాపు వెళ్తే రాజీవ్ చౌక్ వస్తుంది. అక్కడ నీలం మార్గంలోకి మారి సుప్రీంకోర్టు స్టేషనులో దిగితే భారత్ మండపం దగ్గరవుతుంది. మెట్రోలో సంచి బరువు 25 కిలోలు మించకూడదు, కాబట్టి చీరల మూటలతో ఉన్న మొదటి రోజు టాక్సీ తీసుకోవడమే నయం. తరువాతి రోజుల్లో చిన్న సంచితో మెట్రో హాయిగా ఉంటుంది. మూడో రోజుకు రొట్టెలతో నాలుక విసిగితే అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ క్యాంటీనులో మధ్యాహ్న భోజనం దొరుకుతుంది. పప్పు, పచ్చడి, అన్నం తినడంతో పాటు, అక్కడ వరుసలో నిలబడినప్పుడు వినిపించే తెలుగు కూడా అలసిన మనిషికి బలాన్నిస్తుంది.

సదస్సు కార్యక్రమ పత్రం చేతికి వచ్చిన సాయంత్రం ఇద్దరూ కూర్చుని పెన్సిలుతో గుర్తులు పెట్టుకోండి. రెండు చర్చలు ఒకే సమయంలో ఉంటే విడిపోయి చెరొకదానికి వెళ్లాలి. మొదటిసారి వచ్చిన దంపతులు బిడియంతో ఎప్పుడూ పక్కపక్కనే కూర్చుంటారు, దాంతో సగం సదస్సు చేజారుతుంది. రంగులు, ముడిసరుకు గురించిన చర్చకు అద్దకం చేసే మనిషి వెళ్లాలి. మార్కెటింగు గురించిన చర్చకు ఆర్డర్ల లెక్కలు చూసే మనిషి వెళ్లాలి, అది భార్య అయితే ఆమే వెళ్లాలి. కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయించిన 1985 నాటి చేనేత రిజర్వేషన్ల చట్టం అమలుపైనో, పవర్‌లూమ్ నకళ్లపైనో చర్చ ఉంటే మాత్రం ఇద్దరూ వెళ్లండి. అది ఇంటి మొత్తానికి సంబంధించిన విషయం.

భాష అడ్డంకి అనిపిస్తే ముందు రోజే మన రాష్ట్రాల నుంచి వచ్చిన వీవర్స్ సర్వీస్ సెంటర్ సిబ్బందినో, వెంకటగిరి చేనేత సాంకేతిక సంస్థలో చదువుకున్నవారినో వెతికి పరిచయం చేసుకోండి. వేదిక మీద పది నిమిషాలు మాట్లాడే అవకాశం వస్తే తెలుగులోనే మాట్లాడి అనువాదం అడగడంలో తప్పు లేదు. ఆ పది నిమిషాలను ఐదు, ఐదుగా పంచుకోండి. మీరు మగ్గం గురించి, ఆమె మగ్గానికి ముందు జరిగే పని గురించి చెప్పాలి. "నా భార్య నాకు సాయం చేస్తుంది" అనే వాక్యాన్ని మాత్రం దయచేసి వాడవద్దు. చిటికి కట్టడం సాయం కాదు, అది లేనిదే బట్ట లేదు. "మేమిద్దరం నేస్తాము" అనండి.

మాట్లాడటం ఆమెకు కొత్త అయితే ఇంటి దగ్గరే నాలుగైదు సార్లు అలవాటు చేసుకోవాలి. కాగితం చూసి చదవడం కంటే చేతిలో పోగుల కట్ట పట్టుకుని, పని చేస్తూ చెబితే బెరుకు తగ్గుతుంది. నా భార్య మొదటిసారి మైకు ముందు రెండు నిమిషాలు గొంతు పెగలక నిలబడింది. ఒడిలో ఉన్న కట్టను విప్పడం మొదలుపెట్టగానే మాట వచ్చింది, కేటాయించిన సమయం దాటినా ఎవరూ ఆపలేదు.

జీవిత భాగస్వామి నేత పనిలో లేకపోతే, ఉదాహరణకు బడిలో పాఠాలు చెప్పే మనిషైతే, బలవంతంగా ప్రతి చర్చకూ లాక్కెళ్లవద్దు. ప్రదర్శన బల్ల దగ్గర ఒక పూట కూర్చుని వచ్చినవారి పేర్లు, ఫోన్లు, అడిగిన సరుకు రాసిపెట్టినా అది పెద్ద సహకారమే.

ఎనిమిదో దశ: ఒక రోజు మీ కోసం

వీలుంటే తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి, అది సోమవారం కాకుండా చూసుకోండి. భైరోఁ మార్గ్‌లోని జాతీయ హస్తకళల మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది. అక్కడి వస్త్రాల విభాగం దగ్గర తొందరపడకండి. గుజరాత్ పటోలా, ఒడిశా బంధ, మన ఇక్కత్ మూడూ పోగు కట్టి రంగువేసే పద్ధతులే అయినా, అంచులు ఎలా కలిశాయో, పువ్వు చివర రంగు ఎంత పాకిందో చూసి ఇద్దరూ మాట్లాడుకుంటే ఒక పూట తెలియకుండా గడుస్తుంది. సాయంత్రం ఐఎన్ఏ మెట్రో స్టేషను పక్కనున్న దిల్లీ హాట్‌కు వెళ్లండి. 1994లో మొదలైన ఆ బజారులో పలు రాష్ట్రాల చేతివృత్తులవారు స్వయంగా కూర్చుని అమ్ముతారు. కొనకపోయినా వాళ్ల ధర చీటీలు, కట్టే సంచులు, కొనుగోలుదారుతో మాట్లాడే తీరు గమనించండి. కాళ్లు నొప్పిగా ఉందని ఆమె అంటే కుతుబ్ మినార్‌ను వచ్చేసారికి వదిలేయండి.

తొమ్మిదో దశ: తిరిగి వచ్చాక

రైల్లోనే, ఇంకా జ్ఞాపకాలు పచ్చిగా ఉండగానే, కలిసిన వ్యక్తుల జాబితా రాసుకోండి. ఎవరికి నమూనా పంపుతామన్నాము, ఎవరు ధర అడిగారు, ఎవరికి ఫోను చేయాలి అని మూడు వరుసలుగా రాస్తే చాలు. ప్రయాణ ఖర్చుల బిల్లులను అసలు టికెట్లతో సహా వారం లోపు పంపి, నకళ్లు దగ్గర ఉంచుకోండి. సొసైటీ సమావేశంలో సదస్సు విశేషాలు చెప్పమంటే అక్కడ కూడా ఇద్దరూ మాట్లాడండి. వింటున్నవారిలో చిటికి కట్టే ఆడవాళ్లు ఉంటారు, వాళ్లకు ఆమె చెప్పే మాట వేరుగా చేరుతుంది.

మగ్గం దగ్గరకు వెళ్లిన మొదటి గంటలో నేయవద్దు. దుప్పటి తీసి, తలుపులు తెరిచి గాలి ఆడనివ్వండి. పన్నె పళ్ల మీద వేలితో రాసి తుప్పు ఉందేమో చూడండి, ఉంటే పొడి గుడ్డతో తుడవండి. తెగిన పోగులను ఒకరు వెతుకుతుంటే ఇంకొకరు అతకండి. పడుగు బిగువును ఒకేసారి పూర్తిగా లాగకుండా కొంచెం కొంచెంగా పెంచి, రెండు చీరల మధ్య వదిలిన ఖాళీలో నాలుగు వేళ్ల వెడల్పు నేసి, బట్టను వెలుతురుకు పట్టి చూడండి. అడ్డగీత ఉంటే ఆ నాలుగు వేళ్లలోనే ఉంటుంది. పేక (అడ్డపోగు) సమంగా పడుతోందని ఇద్దరికీ అనిపించాక కొత్త చీర అంచు మొదలుపెట్టండి.